బ్రేకు మేడం స్టీరింగు పట్టిన రోజు

ఆవిడ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెడితే పొద్దు గూకుతుంది. ఊళ్ళో తిరిగే కార్లలో సగం ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళవే. బ్యాంకు మేనేజరు, పళ్ళ డాక్టరు, బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు, ఆఖరికి ట్రాఫిక్ కానిస్టేబులు భార్య కూడా ఆవిడ శిష్యురాలే. అందరూ ఆవిడని బ్రేకు మేడం అంటారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. మొహం మీద అనే ధైర్యం ఎవరికుంది!

ఆ పేరు ఊరికే రాలేదు. డ్రైవింగు స్కూలు కార్లో ఎడమపక్క, నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు బిగిస్తారు. స్టీరింగు ఉండదు, యాక్సిలరేటరు ఉండదు. నేర్చుకునేవాడు కుడిపక్క కూర్చుని బండిని కిళ్ళీకొట్టు మీదికి పోనిచ్చినా, మురిక్కాలవలోకి పోనిచ్చినా, ఎడమపక్కావిడ ఠక్కున తొక్కి ఆపేస్తుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ బతుకంతా ఆ రెండు పెడళ్ళ మీదే గడిచింది. బండిని కదిలించే పని పక్కవాళ్ళది, ఆపే పని ఆవిడది.

ఊళ్ళో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. పదకొండేళ్ళుగా ఆవిడ కుడిపక్క సీట్లో కూర్చోలేదు. సాయంత్రం చివరి క్లాసు పిల్ల చేత ఇంటిదాకా తోలించుకుని, "ఇది నీకు అదనపు క్లాసమ్మా, ఊరికే చెప్తున్నా" అనేది. ఆ పిల్ల పొంగిపోయేది. పొద్దున్న మొదటి క్లాసువాడు ఇంటికే వచ్చి బండి తీసేవాడు. ఇంత తెలివిగా పదకొండేళ్ళు తప్పించుకోవడం మాటలు కాదు, మీరే చెప్పండి.

పదకొండేళ్ళ కిందట ఆవిడ తమ్ముడికి బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. పరీక్ష పాసై, యూనిఫారానికి కొలతలు కూడా ఇచ్చొచ్చాడు. ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్ళు స్కూలు కార్లో ఇంటికొస్తున్నారు. స్టీరింగు ఆవిడ చేతిలో ఉంది, వాడు ఎడమపక్క కూర్చున్నాడు. యూనిఫారం వేసుకుని ప్రయాణికుల మీద ఎలా గుడ్లురుముతాడో వాడు చేసి చూపిస్తుంటే ఆవిడ పక్కకి తిరిగి పడీపడీ నవ్వింది. రెండు క్షణాలు, అంతే. తల తిప్పేసరికి ఎదురుగా సైకిలు. దాన్ని తప్పించబోయి కల్వర్టు గోడకి కొట్టింది. సైకిలతనికి ఏమీ కాలేదు, ఆవిడకీ ఏమీ కాలేదు. తమ్ముడి ఎడమ మోచెయ్యి మాత్రం మూడు ఆపరేషన్లయినా పూర్తిగా మడత పడలేదు. గేరు మార్చాల్సింది ఆ చేత్తోనే. ఉద్యోగం పోయింది.

వాడు రెండేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి, చివరికి సరుకుల ఓడలో వంటవాడుగా చేరాడు. పెళ్ళి చేసుకున్నాడు. అక్కని ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో!

ఇక అసలు కథకి వద్దాం. తమ్ముడి భార్య, అంటే ఆవిడ మరదలు, బట్టలు కుట్టే మనిషి. చేతులు మిషను మీద ఎంత వేగంగా ఆడతాయో నోరు అంతకి రెట్టింపు ఆడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి పది రోజుల విదేశీ యాత్ర పెట్టుకుంటే, వదినని కూడా వదలకుండా లాక్కొచ్చింది. ఐదు రోజులు బస్సెక్కడం, దిగడం, ఫోటోలు తీసుకోవడంతో సరిపోయింది. ఆరో రోజు ఆదివారం, ఎవరిష్టం వాళ్ళది.

శనివారం సాయంత్రం మరదలికి ఫోనొచ్చింది. తమ్ముడే. ఓడ దారి మార్చారట. రేపు మధ్యాహ్నం ఈ దేశంలోనే ఒక రేవులో ఆగుతుందట. పనివాళ్ళని రెండింటి నుంచి నాలుగింటి దాకా గేటు బయటికి వదుల్తారు, నాలుగు కొట్టగానే లోపలికి వెళ్ళిపోవాలి, సాయంత్రం లంగరెత్తేస్తారు. వాడు ఇంటి నుంచి వెళ్ళి పధ్నాలుగు నెలలైంది. మళ్ళీ రావడానికి ఇంకో ఏడు నెలలు.

మరదలు ఫోను పెట్టేసి హోటలు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నూట అరవై కిలోమీటర్లే వదినా! పక్కనే ఉన్నాడు!" అంది.

పక్కనే ఉన్నాడు గానీ వెళ్ళే దారేదీ? పట్టాలు బాగుచేస్తున్నారని ఆదివారం రైళ్ళు లేవు. ఉన్న ఒక్క బస్సు తెల్లారగట్లే పోతుంది, దాంట్లో సీట్లు లేవు. టాక్సీవాళ్ళు అంత దూరం రామన్నారు. యాత్ర నడిపించే గైడు బుర్ర గోక్కుని, "అద్దె కారు తీసుకుని మీరే నడుపుకుంటూ వెళ్ళండి. ఎవరికైనా విదేశాల్లో నడిపే పర్మిట్టు ఉందా?" అన్నాడు.

అందరి తలలూ ఒక్కసారి ఆవిడ వైపు తిరిగాయి. పర్మిట్టు ఉంది మరి. పాస్‌పోర్టు చేయించుకున్నప్పుడు లైసెన్సుల ఆఫీసులో గుమాస్తా, "ఊరందరికీ లైసెన్సులిప్పించారు, మీకు పర్మిట్టు లేకపోతే ఎలా మేడం?" అని బలవంతంగా చేయించాడు. ఆవిడ దాన్ని సంచి అడుగున పడేసింది, మళ్ళీ తియ్యాల్సొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"మేడం ఉండగా మనకి భయమేమిటి!" అంది కానిస్టేబులు భార్య.

ఆవిడ కుదరదని చెప్పబోయింది. నోరు మాత్రం, "వెళ్దాం" అంది. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆవిడ మాటంటే మాటే. వాడి చెయ్యి విరగ్గొట్టింది తను, వాణ్ణి సముద్రంలోకి తోసింది తను, ఇప్పుడు వాడి పెళ్ళాన్ని వాడికి రెండు గంటలు చూపించలేకపోతే ఇక తనెందుకు?

పొద్దున్న పదింటికి అద్దె కార్ల ఆఫీసులో నిలబడ్డారు. చిన్న గది, ఒక కౌంటరు, గోడకి తాళాల వరస. కౌంటరు అమ్మాయి పర్మిట్టు చూసింది, పాస్‌పోర్టు చూసింది, కార్డు మీద పేరు డ్రైవరు పేరూ ఒకటేనా అని మూడుసార్లు చూసింది. ఆ అమ్మాయిదీ వచ్చీరాని ఇంగ్లిషే, ఈవిడదీ వచ్చీరాని ఇంగ్లిషే, కాబట్టి ఇద్దరికీ బాగా అర్థమైంది.

"గేర్ల బండి కావాలి" అంది ఈవిడ.

"గేర్ల బండి లేదు. ఆటోమేటిక్ ఒక్కటే ఉంది."

"క్లచ్చి లేకుండా ఎలా నడుపుతారమ్మా?"

"సుఖంగా నడుపుతారు" అంది ఆ పిల్ల నవ్వుతూ. ఈవిడకి ఒళ్ళు మండింది.

బండి అప్పగించేటప్పుడు గీతలుంటే రాసుకోవాలని ఆ అమ్మాయి ఫోను పట్టుకుని చుట్టూ తిరగబోయింది. బ్రేకు మేడం అంతకంటే ముందే తిరిగింది. నేల మీద మోకాలు ఆనించి బంపరు అడుగున గీత పట్టింది. వెనక కుడి చక్రంలో గాలి తక్కువుందని అరచేత్తో నొక్కి చెప్పింది. వైపరు రబ్బరు చిరిగిందంది. కౌంటరు పిల్ల మిషను పెట్టి చూస్తే గాలి నిజంగానే తక్కువుంది. "మీరు మెకానిక్కా?" అని అడిగింది. "మా వదిన మెకానిక్కులకే మేడం" అని మరదలు తెలుగులో చెప్పింది. ఆ పిల్ల అర్థం కాకపోయినా తలూపి, గాలి పట్టించి తాళాలు ఇచ్చింది.

ఇక ఎక్కడం. అలవాటు చొప్పున ఆవిడ నేరుగా ఎడమ తలుపు తీసి కూర్చుంది. కూర్చున్నాక చూస్తే ఎదురుగా స్టీరింగు! ఆ దేశంలో చక్రం ఎడమపక్కే ఉంటుంది కదా. పదకొండేళ్ళు తప్పించుకు తిరిగిన చక్రం తనంతట తానే వచ్చి ఒళ్ళో కూర్చుంది.

"బెల్టు" అంది మరదలితో.

"పెట్టుకున్నా."

"ఇంకోసారి చూసుకో."

బండి కదిలింది. కదిలిన మరుక్షణం కెక్కుమని ఆగింది. మరదలు ముందుకి తూలింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ కెక్కుమంది. సంగతేమిటంటే, ఇరవై నాలుగేళ్ళుగా క్లచ్చి తొక్కిన ఎడమకాలు ఊరుకోదు. ఇక్కడ క్లచ్చి లేదు, ఆ చోట వెడల్పాటి బ్రేకుంది. ఎడమకాలు క్లచ్చి అనుకుని దాన్ని నేలదాకా తొక్కేస్తోంది. ఆఫీసు ముందున్న ఖాళీ జాగాలో పదిహేనుసార్లు తొక్కి ఉంటుంది. కౌంటరు పిల్ల అద్దం వెనక నుంచి నోరు తెరుచుకుని చూస్తోంది.

"వదినా, మనం ఇక్కణ్ణుంచే ఆయనకి చెయ్యి ఊపేద్దామా?" అంది మరదలు.

"నోర్ముయ్" అని, ఆవిడ ఎడమ చెప్పు విప్పి, కాలు సీటు కిందికి మడిచింది. "నువ్వు కదిలావంటే చూడు" అని కాలిని తిట్టింది. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, స్కూల్లో గొంతుతో మొదలుపెట్టింది. "ఏమ్మా, ముందు అద్దం చూడు. వెనకెవరున్నారు? ఎవరూ లేరు. మెల్లగా వదులు. మెల్లగా అన్నానా! ఏం, ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే విసిరేస్తావా?"

"ఎవర్ని వదినా తిడుతున్నారు?"

"ఈ నేర్చుకునేదాన్ని."

చెప్తే నమ్మరు గానీ అలా తిట్టుకుంటూనే రోడ్డెక్కింది. ఆవిడలోని మేడం తిడుతుంటే ఆవిడలోని శిష్యురాలు నడిపింది. మలుపు సూచించే మీట ఇక్కడ ఎడమచేతికి ఉంటుంది, కుడిచేతికున్నది వైపరు. ప్రతి మలుపులోనూ ఎండలో వైపర్లు టకటకా ఊగాయి. "వాన పడుతోందా వదినా?" అని మరదలు ప్రతిసారీ అడిగింది. కూడలిలో గుండ్రటి దిమ్మె చుట్టూ మన దగ్గర తిరిగేదానికి ఎదురు దిక్కున తిరగాలి. బయటికి వచ్చే దారి దొరక్క మూడు చుట్లు తిరిగారు. నాలుగో చుట్టుకి దొరికింది.

పెద్ద రోడ్డెక్కేసరికి పన్నెండు దాటింది. అక్కడ వచ్చింది అసలు చిక్కు. బండి నలభై దాటలేదు. దాటదు. స్కూలు బండిని నలభై దాటనివ్వకపోవడమే ఆవిడ ఉద్యోగం కదా! కుడికాలు యాక్సిలరేటరు మీద ఉంది, కానీ ముల్లు నలభై దగ్గరికి రాగానే దానంతటదే లేచి బ్రేకు మీదికి పోతోంది. వెనక కార్లు హారన్లు కొట్టి, దీపాలు వెలిగించి, పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఒక లారీ చెవులు పగిలేలా మోగించి పోయింది. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. రోడ్డు పక్కన ఆగడానికి వేసిన జాగా కనబడగానే బండి అందులోకి తిప్పి ఆపేసింది.

మరదలు ఫోనులో దారి చూసింది. ఇంకా నూట ఇరవై కిలోమీటర్లు. టైము ఒంటిగంట అవుతోంది. ఈ నడకన వెళ్తే గేటు మూసేశాక చేరతారు. అది ఇద్దరికీ తెలుసు.

మరదలి ఒళ్ళో సంచి ఉంది, దాంట్లో మొగుడికి కుట్టిన చొక్కా. మోచెయ్యి మడత పడదు కాబట్టి ఎడమ చెయ్యి కాస్త వదులుగా కత్తిరిస్తుంది. ఇలాంటివి తొమ్మిదేళ్ళలో ఎన్నో కుట్టింది.

"నీకో సంగతి చెప్పాలి" అంది ఆవిడ, రోడ్డు వైపే చూస్తూ. "ఆ రోజు కారు నడిపింది నేను. లారీ గుద్దలేదు, గీరీ గుద్దలేదు. ఊరికి అలా చెప్పాం. నేను పక్కకి తిరిగి నవ్వుతున్నాను. వాడి చెయ్యి నా వల్లే పోయింది."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు. పెళ్ళి మాటలప్పుడే చెప్పాడు. 'మా అక్క నడుపుతోంది, ఈ విషయం ఆవిడ దగ్గర ఎప్పుడూ ఎత్తకు' అన్నాడు. ఎత్తలేదు." మరదలు మొదటిసారి నెమ్మదిగా మాట్లాడుతోంది. "ఇంకో మాట కూడా అన్నాడు. అది మీతో ఎప్పుడైనా అన్నాడో లేదో నాకు తెలీదు."

"ఏమన్నాడు?"

"'నేను నేర్పేవాళ్ళ సీట్లో కూర్చున్నాను, నా కాళ్ళ దగ్గర కూడా బ్రేకుంది. నేనూ నవ్వుతున్నాను, నేనూ తొక్కలేదు' అన్నాడు."

ఆవిడ మరదలి మొహంలోకి చూసింది. పదకొండేళ్ళుగా ఆ సాయంత్రాన్ని రోజుకి పదిసార్లు తిప్పి తిప్పి చూసుకుంది. అది స్కూలు కారని తెలుసు, వాడు ఎడమపక్క కూర్చున్నాడని తెలుసు. వాడి కాళ్ళ కింద ఏముందో ఒక్కసారి కూడా తోచలేదు. బ్రేకులు నేర్పే మనిషికే తోచలేదు! ఇన్నేళ్ళూ నేరమంతా తనొక్కతే మోస్తున్నాననుకుంది, వాడు సముద్రాల మీద రెండో సగం మోసుకుంటూ తిరుగుతున్నాడు.

"ఇదంతా తెలిసీ నా పక్కన ఎక్కావా?" అంది చివరికి.

"తెలిసే ఎక్కాను. ఇక పోనిస్తారా, లేకపోతే నేను దిగి తొయ్యనా? నాకు మొగుణ్ణి చూడాలనుంది వదినా!" అని మరదలు బావురుమంది.

ఆవిడ తాళం తిప్పింది. అద్దం చూసింది. ఈసారి నేర్చుకునేదాన్ని తిట్టలేదు. కుడికాలు నెమ్మదిగా కిందికి నొక్కింది. నలభై వచ్చింది. కాలు లేవబోయింది. లేవనివ్వలేదు. యాభై. దవడలు బిగిసిపోయాయి. అరవై దగ్గర మరదలు ఏడుపాపింది. ఎనభై దగ్గర ముక్కు తుడుచుకుంది. తొంభై మీద ముల్లు నిలబడ్డాక, "అబ్బో!" అంది. రోడ్డుకి అటూ ఇటూ గోదాములు, పొలాలు, కరెంటు స్తంభాలు వెనక్కి పోయాయి. ఆవిడ మాత్రం రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఒకచోట దారి తప్పి ఊళ్ళోకి పోయారు, ఇంకోచోట రోడ్డు తవ్వి ఒకే వరసలో వదులుతుంటే అరగంటకి పైగా నిలబడిపోయారు. అలా నిలబడ్డప్పుడు ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కారు వదిలి పరిగెత్తుదామా అని మరదలు అంటే, "కూర్చో. తీసుకెళ్తానన్నానా? తీసుకెళ్తాను" అంది.

మూడూ ఇరవై ఐదుకి రేవు గేటు ముందు ఆగారు.

లారీలు ఆగడానికి వదిలిన పెద్ద సిమెంటు జాగా. ఆదివారం కాబట్టి ఖాళీగా ఉంది. ఇనప గేటు, పక్కన గార్డు గది. గేటు బయట నీలం బట్టల్లో తమ్ముడు రెండింటి నుంచీ నిలబడి ఉన్నాడు. మరదలు బెల్టు విప్పుకోవడం మర్చిపోయి దిగబోయి, వెనక్కి లాగబడి, తిట్టుకుని, విప్పుకుని పరిగెత్తింది. ఆవిడ దిగలేదు. వాళ్ళ సమయం వాళ్ళది. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. వాళ్ళు కంచె పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు. మరదలి చేతులు గాల్లో తిరుగుతున్నాయి, దారంతా కథగా చెబుతోంది కాబోలు. వాడు మధ్యమధ్యలో తల తిప్పి కారు వైపు చూస్తున్నాడు.

నాలుగుకి పన్నెండు నిమిషాలుందనగా ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. వాడు సన్నబడ్డాడు, జుట్టు నెరిసింది. కిటికీలోకి వంగి, "నువ్వే నడిపావా అక్కా?" అన్నాడు.

"మరెవరు, మీ కెప్టెనా?"

వాడు నవ్వలేదు. కారు ముందు నుంచి చుట్టి వచ్చి, ఆవిడ పక్క సీటు తలుపు తీసుకుని కూర్చున్నాడు. మరదలు వెనకెక్కింది.

"ఒక్క చుట్టు తిప్పు."

"ఏరా, మతుందా? పన్నెండు నిమిషాలే ఉంది. నీ పెళ్ళాంతో మాట్లాడుకో."

"అదీ వస్తోందిగా. తిప్పవే."

బెల్టు పెట్టుకోవడానికి వాడికి మూడుసార్లు పట్టింది. మడత పడని మోచెయ్యి అడ్డొస్తోంది. ఆవిడ సాయానికి చెయ్యి చాపబోయింది. "వద్దు, నేను పెట్టుకుంటా" అని పెట్టుకున్నాడు.

బండి కదిలింది. సిమెంటు జాగా అంచు వెంబడే తీసుకెళ్ళింది. ఎవరూ మాట్లాడలేదు. మరదలు కూడా మాట్లాడలేదంటే చూసుకోండి. దూరంగా ఓడల పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. మొదటి మలుపులో ఆవిడ కంటికొసన చూస్తే, తమ్ముడు కుడిచేత్తో తలుపు పిడి బిగించి పట్టుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఆపనా అని అడగబోయి ఊరుకుంది. ఆపమంటే వాడే అంటాడు. వాడు అనలేదు. జాగా చుట్టంతా తిరిగి గేటు ముందుకొచ్చి, కుదుపు లేకుండా ఆపింది. ఆవిడ ఆపినంత మెత్తగా ఏ శిష్యుడూ ఆపి ఉండడు.

తమ్ముడు వెంటనే దిగలేదు. పిడి మీంచి వేళ్ళు ఒక్కొక్కటే తీసుకున్నాడు.

"కారు ముందు సీట్లో కూర్చుని పదకొండేళ్ళయిందక్కా" అన్నాడు. "ఎవరు ఎక్కమన్నా వెనకే ఎక్కేవాణ్ణి. ఎవరి పక్కనా కూర్చోలేకపోయాను."

"మరి ఇప్పుడెందుకు కూర్చున్నావురా?"

"నువ్వు నడుపుకుంటూ వచ్చావు కదా. ఇంకెప్పుడు కూర్చుంటాను?"

గార్డు గదిలోంచి వచ్చి చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపించాడు. వాడు దిగి, వెనక తలుపు తీసి, భార్య చేతులు రెండూ పట్టుకుని ఏదో చెప్పాడు, చొక్కా సంచి తీసుకున్నాడు. ముందుకొచ్చి అక్క తల మీద అరచెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచాడు. ఆ తర్వాత గేటులోంచి లోపలికి వెళ్ళిపోయాడు. గేటు మూశారు.

మరదలు కళ్ళనీళ్ళతోనే ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. చూస్తే వదిన స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఏడవడం మరదలు చూడలేదు. ఏం చెయ్యాలో తోచక, "బయల్దేరదామా వదినా? నూట అరవై కిలోమీటర్లు వెళ్ళాలి" అంది.

బ్రేకు మేడం తల ఎత్తకుండానే, "ఏడుస్తూ బండి నడపకూడదు" అంది. "ముందు ఇద్దరం బాగా ఏడుద్దాం. తర్వాత నేనే తీసుకెళ్తాను."